కుండ్రత్తూరు మంత్రి శేక్కిళారు

శివభక్తుల చరిత్రములను నిత్యపారాయణముగా చదువుకొను కుటుంబములు మనలో అనేకములు గలవు. కన్నప్ప, సిరియాళుడు, నంబి, పిళ్ళనైనారు, చేరమరాజు అను పేరులు మన పిల్లలకు ఉయ్యాలనాటినుండి పరిచయములు. ఈ పేరులు తెలుగునేలకు పాల్కురికి సోమనాథుని ద్విపదద్వారా వచ్చినవని చెప్పుకొందుము. అది సత్యమే. కాని ఊరూర నొక్కొక్కటిగా చెదరియున్న 63 పురాతనుల కథలను ఒకచోట చేర్చి, ఆద్యంతములు గల మహాకావ్యముగా కూర్చినవాడు తమిళదేశీయుడు. సోమనాథుని కాలమునకు ఎంతయో ముందటివాడు. ఆయన సన్న్యాసి కాడు, మఠాధిపతి కాడు, చోళరాజ్యమున మంత్రి. ఆయన పేరు శేక్కిళారు, ఆయన ఊరు కుండ్రత్తూరు. భక్తులను స్మరించు మనము భక్తచరిత్రకారుని స్మరించుట యరుదు గనుక, ఆయన కథను నాకు తెలిసినంతవరకు ఇచట విన్నవించుచున్నాను.

నేటి చెన్నై మహానగరమునకు నైరృతిదిశను, కాంచీపురము జిల్లాలో కుండ్రత్తూరు గలదు. తమిళమున కుండ్రమనగా చిన్నకొండ. కొండను బట్టియే ఊరికి ఆ పేరు వచ్చినది. ఒకప్పుడు తొండైమండలములోని 24 కోట్టములలో నొకటియగు పులియూరు కోట్టమునకు చెందిన గ్రామమది. నగరము పెరిగి పెరిగి దాని పొలిమేరలను తాకగా, 2021వ సంవత్సరమున ఆ ఊరు పురపాలకసంఘమైనది. పడమటివైపున చెన్నైకి త్రాగునీరిచ్చు చెంబరంబాక్కము చెరువు గలదు. కొండపై 84 మెట్లెక్కినచో సుబ్రహ్మణ్యస్వామి కోవెల. తిరుప్పోరూరున అసురులతో పోరాడి తిరుత్తణికి పోవుచు స్వామి ఇచట విశ్రమించెనని స్థలపురాణము చెప్పును. కొండ దిగువను కందళీశ్వరుని గుడి, తిరువూరగ పెరుమాళ్ళ గుడి, మఱికొంత దూరమున నాగేశ్వరాలయము. ప్రక్కనున్న కోవూరి సుందరేశ్వరునిపై త్యాగరాజస్వామి అయిదు కీర్తనలు రచించిరి. ఈ విధముగా ఆ ప్రాంతమంతయు కోవెలలకు పుట్టినిల్లు.

ఇన్ని కోవెలలున్న ఊరి సంగతి లింగధారులమగు మనకేల యని ఎవరైన అడుగవచ్చును. ఇష్టలింగమును కరస్థలమున నిలుపుకొనినవారికి స్థావరలింగముతో పనియేమి? బసవేశ్వరుని బోధ విన్న ఇంట ఈ ప్రశ్న పుట్టుట సహజము, పుట్టవలసినదే. దానిని దాటవేయుట నాకిష్టము లేదు. శేక్కిళారు తానును గుడి కట్టించినవాడే. ఆ గుడి నేటికిని నిలిచియున్నది. అయినను ఆయన పేరు విన్నవారిలో ఆ గుడిని చూచినవారెందరు? ఆయన కూర్చిన భక్తకథలలో నొక్కటియైన విననివారు దక్షిణదేశమున ఎందరు? ఈ రెండు ప్రశ్నలను మనసునందుంచుకొని ఆయన చరిత్రమును చదువవలెనని నా మనవి.

శేక్కిళారు అనునది వంశనామము. తలిదండ్రులిడిన పేరు అరుణ్మొళిదేవరు. కులము వెళ్ళాళకులము, అనగా సేద్యమే ప్రధానవృత్తిగా గలది. తమ్ముడు పాలరావాయరు. కాలము పన్నెండవ శతాబ్ది పూర్వభాగము. ఆయన జీవితమును గూర్చి మనకు తెలిసినదానిలో అధికభాగము పదునాలుగవ శతాబ్దివాడగు ఉమాపతి శివాచార్యుని రచనవలన తెలిసినది. తక్కినది జనశ్రుతి. జనశ్రుతిలోని యొక కథ మాత్రము ముచ్చటయైనది.

చోళరాజు ఒకనాడు మూడు ప్రశ్నలు పంపెనట. భూమికంటె పెద్దదేది, సముద్రముకంటె పెద్దదేది, కొండకంటె పెద్దదేది అనునవి ఆ ప్రశ్నలు. ప్రశ్నలు చేరినది శేక్కిళారు తండ్రికి. ఆయనకు సమాధానము తోచక ఇంట చింతాక్రాంతుడై యుండగా, బాలుడగు అరుణ్మొళి మూడింటికిని తిరుక్కురళ్ గ్రంథమునుండియే సమాధానములు తీసి వ్రాసి ఇచ్చెను. తగిన సమయమున చేసిన మేలు భూమికంటె పెద్దది. ప్రతిఫలమెంచక చేసిన మేలు సముద్రముకంటె పెద్దది. తన నిలకడ తప్పక అణకువతో నుండువాని ఔన్నత్యము కొండకంటె పెద్దది. ఈ కథ జరిగినదో లేదో గాని, కట్టినవారు తెలివిగలవారు. ఆ మూడు సమాధానములును ఆ బాలుని మున్ముందటి బ్రతుకునకు మూడు అధ్యాయములవలె నున్నవి. కురళ్‌ను కంఠస్థము చేయు విద్యార్థులను నేను చూచితిని. అడిగినచోట అక్కరకు వచ్చునట్లు నేర్చినవారిని చూచుట అరుదు.

ఆ రాజు అనపాయచోళుడు. చరిత్రకారులాయనను రెండవ కులోత్తుంగ చోళునిగా గుర్తించుచున్నారు. ఏలినకాలము 1133 మొదలు 1150 వఱకు. అరుణ్మొళిదేవరు ఆయన కొలువున మంత్రియై, ఉత్తమచోళ పల్లవరాయడను బిరుదమును పొందెను. మంత్రిపదవిలో నున్న దినములలోనే కుంభకోణముచెంతనున్న తిరునాగేశ్వరమును సేవించి, ఆ స్వామియందు మిక్కిలి మక్కువ గలవాడై, తన స్వగ్రామమగు కుండ్రత్తూరున ఆ కోవెలను బోలిన కోవెలను కట్టించి, ఆ పేరే పెట్టెను. దక్షిణమున నున్నది ఒక నాగేశ్వరము, ఉత్తరమున నున్నది వడనాగేశ్వరము. రాహుగ్రహ సంబంధమైన పూజలకై జనులు నేడు అచటికి పోవుచున్నారు. శేక్కిళారు కట్టించిన నాడు ఆయన మనస్సున రాహువు లేడని నా నమ్మకము. దూరమున నున్న స్వామిని రోజు చూచుకొనవలెనను కోరికయే యుండెను.

అధికారము, ధనము, రాజానుగ్రహము, స్వంతయూర తాను కట్టించిన గుడి, ఇవన్నియు గల మంత్రి పుణ్యాత్ముడనిపించుకొని వెళ్ళిపోవుటకు ఇంతకంటె వలసినదేమి? ఆయన అచట ఆగియుండినచో శాసనములలో నొక పేరుగా మాత్రమే మిగిలియుండును.

అనపాయుడు ఆ దినములలో జీవకచింతామణి యను కావ్యమును వినుటలో మునిగియుండెను. తిరుత్తక్కదేవరను జైనముని రచించిన కావ్యమది. జీవకుడను రాజకుమారుడు ఎనమండుగురు కన్యలను వరుసగా పెండ్లియాడి, రాజ్యమును గెలిచి, భోగములనుభవించి, తుదకు సర్వమును విడిచి తపస్సునకు పోవుట అందలి కథ. పెండ్లిండ్ల కావ్యమని దానికి లోకమున మారుపేరు. రాజు దాని శృంగారమునకు మురిసెను. కొలువు రాజువెంట నడచెను. ఇది మంత్రికి బాధయైనది. శివభక్తుడైన రాజు శివభక్తుల కథలు చేతికందునంత దూరమున నుండగా ఊకదంపుడు వినోదమునకు పొద్దుపుచ్చుచున్నాడని ఆయన రాజుతోనే చెప్పెను. రాజుతో అట్లు చెప్పుటకు ధైర్యము కావలెను.

ఇచట ఒక్కమాట. జీవకచింతామణి తమిళుల పంచమహాకావ్యములలో నొకటి. భాషోపాధ్యాయుడనైన నేను దానిని తక్కువచేసి మాటలాడజాలను. శేక్కిళారు తరువాత తన కావ్యమున వాడిన విరుత్తఛందమునకు నిండుతనమును తెచ్చిన గ్రంథములలో ఆ జైనకావ్యము ముఖ్యమైనది. తాను కాదన్న గ్రంథమునుండియే ఆయన పద్యశిల్పమును నేర్చియుండెననుట అసంభవము కాదు. మఱియొక విశేషము. ఆ కావ్యమును తాటాకులనుండి వెలికితీసి, పరిష్కరించి, 1887వ సంవత్సరమున అచ్చువేయించిన మహనీయుడు స్వామినాథయ్యరు. ఆయన తిరువావడుదురై శైవమఠమున చదువుకొనిన శైవుడు. మఠములు ఎట్టి చదువునకు నీడనిచ్చినవో దీనివలన తెలిసికొనవచ్చును.

రాజు మంత్రిపై కోపింపలేదు. ఆ శివభక్తులెవరు, వారి చరిత్రము ప్రాచీనమా నూతనమా, ఎవరు చెప్పిరని అడిగెను. అపుడు శేక్కిళారు పూర్వపరంపరను విన్నవించెను. ఎనిమిదవ శతాబ్ది ప్రాంతమున సుందరమూర్తి, అనగా మన నంబి, తిరువారూరిలో భక్తులసభను చూచి, ఒక్కొక్కరి పేరు చెప్పుచు వారికి దాసుడనని పదునొకండు పద్యములు పాడెను. అందు పేరులు మాత్రమే యుండెను, కథలు లేవు. ఆ పిదప నంబియాండారు నంబి ఒక్కొక్క భక్తునిగూర్చి కొంచెము విస్తరించి అంతాదిగా వ్రాసెను. అందును సూచనలే గాని పూర్తికథలు లేవు. రాజునకు ఆసక్తి పుట్టినది. అయినచో ఆ కథలను పూర్తిగా నీవే చెప్పవలెనని, వలసిన ధనమును పరివారమును ఇచ్చి మంత్రిని పంపెను.

శేక్కిళారు చిదంబరమునకు పోయెను. శైవులు తిల్లై యను ఆ క్షేత్రమున నటరాజు సన్నిధిని నిలిచి, ఎట్లు మొదలిడవలయునో తెలియక ప్రార్థించగా, స్వామియే తొలిపదమును అశరీరవాణిగా అందించెనని ఉమాపతి చెప్పినాడు. ఆ పదమునకు లోకములన్నియు నని అర్థము. కావ్యము ఆ పదముతోనే ఆరంభమై ఆ పదముతోనే ముగియును. వేయికాళ్ళ మండపమున కూర్చుండి ఆయన ఆ కావ్యమును రచించెను. నాలుగువేల రెండువందలకు పైగా పద్యములు. కవి పెట్టిన పేరు తిరుత్తొండర్ పురాణము, అనగా పూజ్యులైన దాసుల పురాణము. జనులు పెట్టుకొన్న పేరు పెరియపురాణము, అనగా పెద్దపురాణము. తమిళశైవుల పండ్రెండు తిరుమురైలలో అది పండ్రెండవది.

పురాణమనగా మనకు దేవతల కథలు, అవతారములు, మన్వంతరములు జ్ఞప్తికి వచ్చును. ఇది అట్టిది కాదు. ఇందు శివుడు కథానాయకుడు కాడు. అతడు వచ్చి పోవువాడు. మాఱువేషమున వచ్చి, భిక్షమడిగి, తగవులాడి, భక్తుని ఇంట భోజనముచేసి పోవును. నాయకులు మనుష్యులు. వారు ఏ కులమువారో చూడుడు. తిల్లైలో కుండలుచేయు తిరునీలకంఠుడు. కంచిలో బట్టలుదుకు తిరుక్కురిప్పుత్తొండడు. నాగపట్టణమున చేపలుపట్టు అదిపత్తుడు. కల్లుగీతవారి కులమున పుట్టి కత్తిసాము నేర్పిన ఏనాదినాథుడు. నేతగాడగు నేశుడు. వేణువునూదిన ఆవులకాపరి ఆనాయుడు. వర్తకుల ఇంటి కోడలై, రూపమును వలదని విడిచిన కారైక్కాలమ్మ. వీరి ప్రక్కనే చోళులు, పాండ్యులు, చేరులు, పల్లవులు. రాజునకు వినిపించుటకై రాజమంత్రి వ్రాసిన గ్రంథమిది. అందు రాజులకు కుమ్మరులకంటె ఎత్తైన పీఠము లేదు.

కుండ్రత్తూరున పెరిగిన బాలునికి ఈ కథలు పుస్తకములనుండి మాత్రమే వచ్చియుండవు. ఆ ఊరి చుట్టుప్రక్కలను చూచినచో అది తెలియును. తిరువేర్కాడు మూర్ఖనాయనారు ఊరు. భక్తులకు అన్నము పెట్టుటకై జూదమాడి ధనము సంపాదించిన విచిత్రభక్తుడాయన. తిరువొత్తియూరున గానుగ త్రిప్పి నూనె తీసి గుడిదీపములు వెలిగించుచు, నూనెకు దారిలేని నాడు తన కంఠమును కోసికొని ఆ నెత్తురుతో దీపములు నింపబోయిన కలియుడు పుట్టెను. మైలాపురమున వాయిలారు నివసించెను. తిరునిన్రవూరున పూశలారు నివసించెను. ఇవన్నియు నేటి చెన్నై నగరములోనివో, నగరము చుట్టునున్నవో అయిన ఊళ్ళు. ఈ కడపటి యిద్దరి కథలే మన ప్రశ్నకు దగ్గఱివి.

పూశలారు పేద బ్రాహ్మణుడు. శివునికి గుడి కట్టవలెనని కోరిక. ఎవరిని యాచించినను ధనము దొరకలేదు. దొరకకున్న నేమి యని మనస్సునందే కట్టుటకు పూనుకొనెను. మనస్సులోనే ధనము కూడబెట్టెను. మనస్సులోనే రాళ్ళు, కలప తెప్పించెను. శిల్పులను పిలిచి, మంచిదినము చూచి పునాది తీయించి, రాత్రియు నిదురలేక, గోపురము, ప్రాకారము, కోనేరు, సున్నపుపూత, అన్నియు ఒకదానివెంట నొకటి మనస్సులోనే పూర్తిచేసి, ప్రతిష్ఠకు ముహూర్తము పెట్టుకొనెను. ఆ సమయముననే కంచిలో కాడవరాజు అపారధనముతో రాతికోవెల కట్టించి, అదే దినమున ప్రతిష్ఠ నిశ్చయించెను. ఆ కోవెల కంచి కైలాసనాథాలయమని పలువురు పండితుల అభిప్రాయము. ముందటి రాత్రి శివుడు రాజునకు కలలో కనబడి, ఱేపు నిన్రవూరి పూశలుడు కట్టిన కోవెలలో ప్రవేశింపవలసియున్నది గనుక నీ ప్రతిష్ఠను మఱియొక దినమునకు మార్చుకొమ్మని ఆజ్ఞాపించెను. రాజు ఆశ్చర్యపడి నిన్రవూరికి వచ్చి గుడి ఏదియని అడుగగా, ఆ ఊర గుడి లేదు. బ్రాహ్మణులను పిలిపించి పూశలుని ఇల్లు కనుగొని, తానే నడచిపోయి అడిగినపుడు, పూశలుడు నివ్వెఱపోయి, జరిగినదంతయు చెప్పెను. రాజు ఆ పేదవానికి సాష్టాంగపడెను.

వాయిలారు కథ మఱింత చిన్నది. మౌనియగు ఆయన మఱపులేని స్మృతినే కోవెలగా, జ్ఞానమును దీపముగా, ఆనందమును స్నానజలముగా, ప్రేమను నైవేద్యముగా చేసి పూజించెను. బయట ఒక్క రాయియైన నెత్తలేదు.

ఈ రెండు కథలను వ్రాసినది ఎవరు? నాగేశ్వరాలయమును రాతితో కట్టించిన మంత్రి. విన్నది ఎవరు? చిదంబరము కోవెలకు ఎంతో ధనము వెచ్చించిన చోళరాజు. రాతిగుడిని కట్టినవాడే రాతిగుడికంటె మనోమందిరము ముందుగా శివునికి నచ్చెనని, గుడులు కట్టు రాజు ఎదుట చెప్పినాడు. దేహమే దేవాలయమను భావము మన శరణులకు ఎంత ప్రాణమో మనకు తెలియును. కల్యాణమున ఆ భావము ఉద్యమమగుటకు కొలదిపాటి ముందు, కావేరీతీరదేశమున ఒక మంత్రి దానిని కథగా చెప్పుచుండెననుట గమనింపవలసిన విషయము. ఒకరినుండి ఒకరు గ్రహించిరని నేను అనను. నేల ఒక్కటే, వాన ఒక్కటే యని మాత్రము చెప్పగలను.

అయితే శేక్కిళారు తన కాలమును పూర్తిగా దాటినవాడని చెప్పినచో అది పొగడ్త యగును, చరిత్ర కాదు. నందుని కథను చూడుడు. ఆదనూరి మాలపల్లెలో పుట్టిన తిరునాళైప్పోవారు కోవెల భేరీలకు తోళ్ళను, వీణలకు నరములను, పూజకు గోరోచనమును సమర్పించుచు, తాను మాత్రము గుడివాకిటనే నిలుచువాడు. తిరుప్పుంగూరున శివుడు ఆయన చూపునకు అడ్డముగానున్న నందిని ప్రక్కకు జరిపించెను. ఱేపు పోయెద, ఱేపు పోయెదనని తిల్లైని తలచి తలచి తుదకు పోయెను. పోయి, ఊరిగోడల చుట్టు తిరుగుచు లోపలికి రాలేకపోయెను. అపుడు శివుడు కలలో కనబడి అగ్నిప్రవేశము చేసి రమ్మనెను. ఆయన నిప్పులో మునిగి, యజ్ఞోపవీతముతో మునిరూపమున వెలువడి, సభలోనికి పోయి అంతర్ధానమయ్యెను. క్రూరుడైన భూస్వామి శేక్కిళారు కథలో లేడు. ఆ పాత్ర పందొమ్మిదవ శతాబ్దిలో గోపాలకృష్ణభారతి తన సంగీతనాటకమున చేర్చినది. శేక్కిళారు ఆయనను ఎంతో గౌరవముతో, కన్నీటితో చిత్రించెను. అయినను చదువునప్పుడెల్ల నాకొక ప్రశ్న మిగులును. నోట రుచిచూచిన మాంసమును తెచ్చిన బోయవానికి అక్కరలేని నిప్పు, తోలు సమర్పించిన భక్తునికేల? నందిని జరిపిన స్వామి ఆ గోడను ఏల జరుపలేదు? లింగధారణ జరిగినపిదప పూర్వకులము అడుగరాదని నేర్చిన మనము ఈ ప్రశ్నను అడుగుటకు హక్కుగలవారమే. మన ఇండ్లలోను, మన పెండ్లిసంబంధములలోను ఆ గోడలు ఎంతవఱకు జరిగినవని తరువాత మనలను మనము అడుగుకొనవలెను.

అట్లే తిరుజ్ఞానసంబంధుల కథలో మధురలోని జైనుల శిక్షను ఆయన వర్ణించిన తీరు నేటి పాఠకునికి కష్టమును కలిగించును. ఆ కాలపు మతద్వేషము కావ్యమును తాకినది. ఆయన ప్రభువుపై ఇంతకంటె పెద్ద ఆరోపణ యున్నది. చిదంబరమున గోవిందరాజస్వామి సన్నిధిని ఆ చోళరాజు తొలగించెననియు, ఆ మూర్తియే తరువాత తిరుపతిలో ప్రతిష్ఠితమయ్యెననియు వైష్ణవసంప్రదాయము చెప్పును.

మన తెలుగువారికి పెరియపురాణమున మిక్కిలి దగ్గఱి కథ కన్నప్పది. శేక్కిళారు ఆయన పేరును తిణ్ణనారని చెప్పెను. మన ధూర్జటి తిన్నడనెను. శేక్కిళారు ఆయన ఊరును పొత్తపినాటిలో నుంచెను. ఆ పొత్తపి మన కడపసీమలోనిది. ధనుర్బాణములు ధరించిన ఆ బాలుడు శ్రీకాళహస్తికొండ ఎక్కుట, ఎక్కుచు నుండగా తన మీది బరువేదియో దిగిపోవుచున్నట్లు తోచుట, ఆఱుదినములలో జీవితమంతయు ముగియుట, ఇవి శేక్కిళారు చెప్పినట్లు మఱియెవరును చెప్పలేదని తమిళపండితులందురు. సోమనాథుని పద్ధతి వేఱు. శేక్కిళారు నెమ్మదిగా, ఊరిని, వాగును, పంటను వర్ణించుచు నడచును. సోమనాథుడు ద్విపదలో పరుగెత్తును, భక్తునితోపాటు తానును ఆవేశపడును. సిరియాళుని కథ అందుకు నిదర్శనము. శేక్కిళారు అది భయభక్తులతో చెప్పి ముగించెను. సోమనాథుడు నిమ్మవ్వ కథను చేర్చి, సిరియాళుని గర్వమును అణచి, బిడ్డను చంపి వండుమని కోరిన శివునిపై హలాయుధునిచేత నిష్ఠూరములాడించెను. ఆ ధైర్యము మన పురాతనవాఙ్మయముననే గలదు.

ఆ సిరియాళుడు తమిళమున శిఱుత్తొండడు. ఆయన మొదట పల్లవసేనాని. వాతాపిని పాడుచేసి వచ్చినవాడు. ఇట్టి శివభక్తుని యుద్ధమునకు పంపితినేయని రాజు పశ్చాత్తాపపడి, ధనమిచ్చి, కొలువునుండి విడుదలచేసి, భక్తసేవకు పంపెను. ఈ ఘట్టమును వ్రాయుచుండగా రాజోద్యోగియగు కవి తన సంగతి తలచుకొనియుండడా?

కావ్యము పూర్తియైనదని విని అనపాయుడు చిదంబరమునకు వచ్చెను. చైత్రమాసపు ఆర్ద్రా నక్షత్రమున ప్రవచనము ఆరంభమై, మఱుసటి యేటి చైత్ర ఆర్ద్రతో ముగిసెనని సంప్రదాయము. ఒక సంవత్సరము రాజు విద్యార్థివలె కూర్చుండి వినెను. ముగిసిన దినమున ఆ గ్రంథమును, గ్రంథకర్తను పట్టపుటేనుగుపై నెక్కించి, రాజు తానును ఏనుగెక్కి వెనుక కూర్చుండి, రెండుచేతులను వింజామరలు పట్టి వీచుచు వీథులలో ఊరేగించెను. దాసుల ఘనతను కొనియాడువాడను అర్థము గల బిరుదమునిచ్చెను. రాజులు కవులను ఏనుగులపై నెక్కించిన కథలు కలవు; వెనుక కూర్చుండి వీచిన రాజు అరుదు. ఆ వింజామర వీచినది మంత్రికి కాదు. అందు వర్ణింపబడిన కుమ్మరికి, చాకలికి, బెస్తవానికి, గానుగవానికి వీచినట్లు నాకు తోచును.

ఆ పిదప శేక్కిళారు మంత్రిపదవికి మరలిపోలేదు. తిల్లైలోనే భక్తులను సేవించుచు శేషజీవితము గడపెను. తమ్ముడు పాలరావాయరు రాజుచే గౌరవింపబడి తొండైమండలపు పరిపాలనమును వహించి, కఱవుకాలమున ప్రజలను కాపాడెననియు, అందులకై బిరుదమును పొందెననియు చెప్పుదురు. ఆయన పేరుగల చెరువొకటి కుండ్రత్తూరున నున్నది.

శేక్కిళారు చిదంబరమున నుండిన ఆ యేండ్లకు దగ్గఱలోనే, ఉత్తరమున కల్యాణములో బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారాధిపతియయ్యెను. ఇద్దఱును రాజధనమును చేతబట్టినవారు, ఇద్దఱును దానిని భక్తులవైపు మరలించినవారు. ఒకని రాజు ఏనుగుపై వెనుక కూర్చుండి వింజామర వీచెను. మఱియొకని రాజు హరళయ్యను, మధువయ్యను చంపించెను. శేక్కిళారు కులము లేని భక్తులను కావ్యమున ఒకే పంక్తిలో కూర్చుండబెట్టెను. బసవేశ్వరుడు అనుభవమంటపమున కూర్చుండబెట్టెను. కావ్యమున కూర్చుండబెట్టినపుడు రాజులు మెచ్చుదురు. నేలమీద కూర్చుండబెట్టినపుడు ఏమి జరుగునో కల్యాణము చూచినది.

తమిళదేశపు శివాలయములలో 63 మంది నాయనార్ల మూర్తులు వరుసగా నిలిచియుండును. మైలాపురమున ఫాల్గుణోత్సవమునందు ఆ మూర్తులను పల్లకీలలో ఊరేగింతురు. ఆ వరుసలో శేక్కిళారు లేడు. ఆయన వారి సంఖ్యలోనివాడు కాడు. కుండ్రత్తూరున ఆయన కట్టించిన నాగేశ్వరాలయములోనే ఆయనకొక సన్నిధి యున్నది. వైశాఖమాసమున పుష్యమీ నక్షత్రమునాడు ఆయన గురుపూజ.